కొండ మీద వణికిన స్టాండు

ముప్ఫై ఒక్క ఏళ్లు అడవిలో ఉద్యోగం చేశాను. బీట్ ఆఫీసరుగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, "మొదట్లో భయంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది కదా మేడం" అని. నాకు అలవాటు కాలేదు. మొదటి పదేళ్లు ఆ భయాన్ని దాచుకున్నాను, తర్వాత దాచడం మానేశాను. కానీ ఒకసారి, భయపడి నోరు మూసుకోవాల్సిన చోట, ధైర్యంగా ఒక మాట చెప్పాను. దాని ఫలితం ఇంకొకరు అనుభవించారు.

ఇది ఒక స్టాండు కథ. దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపించే స్పాటింగ్ స్కోపుకు కింద పెట్టే మూడు కాళ్ల స్టాండు. కొండలెక్కే పిల్లలందరూ "అన్నిటికంటే తేలికైంది ఏది మేడం?" అనే అడుగుతున్నారు. నేను కూడా ఒకప్పుడు అంగట్లోకి వెళ్లి అదే అడిగాను.

స్కోపుతో మాకేం పని

రుద్రవరం దాటాక నల్లమల మొదలయ్యే కొండల్లో చాలాకాలం పని చేశాను. అక్కడ నిట్టనిలువు చరియల్లో గద్దలు గూళ్లు పెడతాయి. దగ్గరికి వెళితే తల్లి గుడ్లు వదిలేసి లేచిపోతుంది. అందుకని లోయకు ఇవతలి గట్టు మీద కూర్చుని, అవతలి చరియను స్కోపుతో చూడాలి. గుడ్డు పగిలి పిల్ల వచ్చిందా, మేత తింటోందా, రెక్క వచ్చిందా, అంతా అక్కడినుంచే. ఎండాకాలంలో అదే స్కోపుతో పొగ ఎక్కడ లేచిందో, జంతువుల కోసం కట్టిన తొట్లలో నీళ్లున్నాయో లేదో చూసేవాళ్లం.

బైనాక్యులర్ చేత్తో పట్టుకుని చూడొచ్చు. స్కోపు అలా కుదరదు. అది వస్తువును నలభై రెట్లు పెద్దది చేస్తే, మన వణుకును కూడా నలభై రెట్లు చేస్తుంది. స్కోపు ఎంత మంచిదైనా కింద స్టాండు ఎంత మంచిదో అంతే పని చేస్తుంది. ఇది మా ఆఫీసులో నాకు ఎవరూ చెప్పలేదు.

నాతో కొండెక్కే మనిషి ఓబులేసు. కొండ కింది ఊరివాడు, మా దగ్గర అడవి కాపలా కాసే వాచర్. నాకంటే మూడేళ్లు పెద్ద. మాట తక్కువ. ఎండుటాకుల మీద నడిచినా చప్పుడు వినిపించేది కాదు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు.

ఇనుప స్టాండు

మాకు మొదట ఇచ్చింది పెళ్లి వీడియోలకు వాడే పాత స్టాండు. దాని బరువు ఆరేడు కిలోలుంటుంది. ఓబులేసన్న భుజాన వేసుకుని మోసేవాడు. గట్టు ఎక్కేసరికి చొక్కా కింద భుజం కమిలిపోయి ఉండేది. కానీ దాన్ని నిలబెట్టి స్కోపు బిగిస్తే లోపలి బొమ్మ గోడకు కొట్టిన మేకులా నిలిచేది. ఆ సుఖం విలువ నాకప్పుడు తెలియలేదు.

ఒక చలికాలం పొద్దున ముళ్ల కలేపొదల మధ్య నడుస్తుంటే ఎడమవైపు నుంచి ఒక ఎలుగు గుర్రుమంటూ లేచింది. పదడుగుల దూరం ఉంటుందేమో. ఓబులేసన్న తిరగబోయాడు. భుజం మీది స్టాండు కాళ్లు కంపలో చిక్కుకున్నాయి. మెడ పక్కకు తిప్పలేక, వెనక్కి రాలేక అలాగే నిలబడిపోయాడు. నేను వెనకాల ఉన్నాను. అది మా ఇద్దరినీ చూసి, ఏమనుకుందో, పొదల్లోకి తిరిగిపోయింది.

"కింద పడేసి రాకపోతివా అన్నా?" అన్నాను తర్వాత.

"సర్కారు సరుకు కదమ్మా. పడేస్తే ఇరుగుతాది."

ఆ మాట వెళ్లి మా పై ఆఫీసరు సారుకు చెప్పాను, తేలికైంది ఇప్పించమని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "స్టాండు పోతే జవాబు చెప్పాల్సింది నేను. మనిషికి దెబ్బ తగిల్తే ఆస్పత్రి ఉండాది గదా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమనుకుంటాడో అని నవ్వాను. ఉద్యోగంలో నాకు రెండు భయాలు ఉండేవి, ఒకటి జంతువు, రెండోది సారు. నాకు ఎక్కువ చెరుపు చేసింది రెండోది.

నంద్యాల అంగట్లో

చివరికి నేనే కొందామనుకున్నాను. నంద్యాలలో కెమెరాలు అమ్మే బాషా భాయ్ నాకు తెలిసినవాడే. రకరకాలు తీసి ముందు పెట్టాడు. వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుంటే గొడుగంత కూడా బరువు లేదు. ముడిస్తే చేతిసంచిలో పడుతుంది. ఒక్కో కాలు ఐదు ముక్కలుగా సాగుతుంది, నడుమ ఒక కడ్డీ పైకి లేస్తుంది. నా ఎత్తుకు సరిగ్గా వచ్చింది.

దాని మీద స్కోపు పెట్టి రోడ్డవతలి బోర్డు చూశాను. అక్షరాలు కదలకుండా కనబడ్డాయి.

బాషా భాయ్ ఊరుకోలేదు. "ఈడ బండల మీద నిలబడతాది మేడం. కొండ మీద గాలుంటాది. కింద ముక్క సూడండి, పెన్సిలంత ల్యాదు. లావు కాళ్లది సూపిస్తా, రెండు కిలోలు దాటుతాది గానీ..."

"బరువు వద్దనే కదా భాయ్ వచ్చింది" అన్నాను.

ఆయన దాన్నే ముడిచి నా చేతికిచ్చాడు. కాబట్టి నాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి లేదు.

ఓబులేసన్న దాన్ని చూసి మురిసిపోయాడు. "ఇంగ నా బుజం బతికె" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. మనిషిని కాపాడే వస్తువు తెచ్చానని నిజంగానే నమ్మాను.

కాలిన మొద్దు

ఏప్రిల్ నెల. అంతకు వారం ముందే అవతలి వాలులో కొంత భాగం తగలబడి ఆరింది. ఆ వాలు అడుగున, వాగులో, ఒక నీటి తొట్టి ఉంది. పైనుంచి దాని అంచే కనబడుతుంది, నీళ్లు ఉన్నాయో లేదో దిగి చూసి రావాలి. ఎండాకాలం ఆ తొట్టికి మనుషుల కంటే ముందు జంతువులు వస్తాయి. అందుకని మాకొక పద్ధతి ఉండేది. నేను గట్టు మీద ఉండి స్కోపుతో దారంతా చూస్తాను. ఏమీ లేదని సెట్లో చెబితేనే, దారి మొదట్లో ఆగి ఉన్న ఓబులేసన్న దిగుతాడు. ఆయన దగ్గరొక వాకీటాకీ సెట్టు, నా దగ్గరొకటి.

పొద్దున ఎనిమిదిన్నర అయింది. అప్పటికే రాయి కాలుతోంది, వేడిగాలి మొదలైంది. స్టాండు కాళ్లు ఐదు ముక్కలూ లాగి, నడిమి కడ్డీ పైకెత్తి, నిలబడి చూశాను. లోకమంతా వణుకుతోంది. చెట్లు, బండలు, దారి, అన్నీ జ్వరమొచ్చినట్టు ఊగుతున్నాయి. చేత్తో పట్టుకుంటే ఇంకా ఎక్కువ ఊగింది. తొట్టికి కొంచెం పైన, దారి పక్కన, నల్లగా ఒకటి కనబడింది. కాలిన చోటే కదా, కాలిన మొద్దు అనుకున్నాను. కదులుతోందా అని చూశాను. కదులుతోంది. కానీ దాని పక్కనున్న బండ కూడా కదులుతోంది. అన్నీ వణుకుతున్నప్పుడు అందులో ప్రాణమున్నది ఏదో తెలియదు.

సెట్టు తీసుకున్నాను. "ఓబులేసన్నా, దారి ఖాళీగా ఉండాది. తొట్టి పైన కాలిన మొద్దు ఒకటుంది, అంతే."

కాసేపు గరగర. తర్వాత ఆయన గొంతు. "మొద్దా? ఆడ మొద్దు ల్యాదు కదమ్మా."

"మొన్న కాలిపోయింది కదన్నా, యాడిదో దొర్లి వచ్చింటాది. పో."

"నువ్వు అద్దంలో సూస్తాండావు. నువ్వు జెప్తే సరే" అని దిగాడు.

నేను మళ్లీ స్కోపులో కన్ను పెట్టాను. దారి దొరికింది, బండ దొరికింది. మొద్దు లేదు.

సెట్టు నొక్కి అరిచాను. ఆయన అప్పటికే వాగు మలుపులోకి దిగిపోయాడు, అక్కడ సెట్టు పట్టదు. గరగర తప్ప ఏమీ లేదు. స్కోపును అటూ ఇటూ తిప్పుతుంటే బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. ఆకాశం, రాయి, ఆకాశం. అప్పుడు కింద నుంచి కేక వినబడింది. ఒక్కటే కేక. తర్వాత ఏమీ లేదు.

ఆ తర్వాత చేసిన పని మొదటే చేయాల్సింది. నడిమి కడ్డీ కిందికి దించేశాను. సన్నటి ముక్కలు లోపలికి తోసేశాను. నీళ్ల సీసాలున్న సంచిని స్టాండు కొక్కేనికి తగిలించి, బండ మీద బోర్లా పడుకుని చూశాను. బొమ్మ నిలిచింది. ఓబులేసన్న బోర్లా పడి ఉన్నాడు, రెండు చేతులూ మెడ వెనక్కి కట్టుకుని. ఆయన మీద ఎలుగు. పక్క బండ ఎక్కి దాని పిల్ల చూస్తోంది.

మెడలో విజిల్ ఉంది. ఊదితే బెదిరి పోతుందా, ఇంకా రెచ్చిపోతుందా? తెలియదు. నోట్లో పెట్టుకుని ఊదకుండా ఎంతసేపు ఉన్నానో కూడా తెలియదు. చివరికి ఊదాను. ఊపిరి ఉన్నంతసేపు ఊదాను. ఎలుగు తలెత్తింది. ఇంకోసారి ఆయన్ను మూతితో నెట్టి, పిల్లను పిలుచుకుని, వాలు పైకి ఎక్కింది. నా విజిల్‌కే పోయిందో, దానికే చాలనిపించిందో చెప్పలేను.

బేస్ క్యాంపుకు సెట్లో చెప్పాను. అక్కడున్న నిప్పు ఆర్పే జట్టు బయల్దేరింది. వాళ్లు రావడానికి గంట పడుతుంది. నేను దిగాలి.

దిగాను. సగం దారిలో ఒక నల్లటి ఆకారం కనబడి ఆగిపోయాను. అది నిజంగానే కాలిన మొద్దు. ఆ సంగతి తెలిశాక కూడా ఒక బండ వెనక నక్కి కూర్చున్నాను. కింద మనిషి నెత్తురోడుతున్నాడని తెలుసు, నేను తప్ప దగ్గర్లో ఎవరూ లేరని తెలుసు. పది నిమిషాలు అక్కడే ఉన్నాను. ఈ పది నిమిషాలు ఏ రిపోర్టులోనూ లేవు. ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను.

నేను చేరేసరికి ఆయన బతికే ఉన్నాడు. ముఖం ఎడమవైపు ముఖంలా లేదు. నా చున్నీ చుట్టి ఒత్తి పట్టుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి.

"అది యాడుంది?"

"పోయిందన్నా. పోయింది."

"నువ్వు బాగుండావు గదా?"

చున్నీ మీద రెండో చెయ్యి కూడా వేసి ఒత్తాను.

రిపోర్టు

జట్టువాళ్లు దుప్పటిని కర్రకు కట్టి మోసుకొచ్చారు. ఆళ్లగడ్డలో కట్లు కట్టి నంద్యాలకు పంపారు. ప్రాణం నిలిచింది. ఎడమ కన్ను పోయింది.

మరుసటి రోజు సారు పిలిచాడు. తలుపు వేయించాడు. "వాచర్ నీకు చెప్పకుండా దిగినాడని రాయి. నీకూ మంచిది, నాకూ మంచిది."

రాశాను. ఆయన చెప్పినట్టే, నా చేత్తోనే రాశాను. సంతకం ఒక్కటి పెట్టాల్సి ఉంది. కాగితం సంచిలో పెట్టుకుని, ముందు ఆస్పత్రికి వెళ్లాను. ఎందుకంటే ఓబులేసన్నను చూడకుండా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

వరండాలో ఓబులేసన్న భార్య నారాయణమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఆడ మొద్దు ల్యాదని ఆయప్ప చెప్పినాడంట. నువ్వు ఉండాదంటివంట. నిజమేనా?"

"నిజమే."

"ఆఫీసుకు కాయితం రాయల్ల గదా. ఏం రాస్తివి?"

సంచిలో కాగితం ఉంది. ఆమెకు చదువు రాదు. ఏదైనా చెప్పొచ్చు. మా నాయన బడిపంతులు, గోస్పాడు చర్చిలో ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి. అబద్ధం ఆడితే నాలుక ఎండిపోతుందని చిన్నప్పుడు బెదిరించేవాడు. ఆ వరండాలో నా నాలుక నిజంగానే ఎండిపోయింది.

"తప్పు రాసినా" అన్నాను. "మళ్లీ రాస్తా."

"రాయి. ఆయప్ప చెప్పకుండా పోయే మనిషి కాదు" అంది. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

బెంచీ మీద కూర్చుని కొత్తగా రాశాను. స్టాండు నేనే తెచ్చానని, బొమ్మ వణుకుతోందని, సరిగా కనబడకపోయినా ఖాళీ అని చెప్పానని, వాచర్ అనుమానపడినా పొమ్మన్నానని. మెమో వచ్చింది. ఆ సారు కిందే ఇంకో చోటికి పంపారు. రెండేళ్లు సారు నాతో మాట్లాడలేదు. అయితే ఓబులేసన్న డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలిందని రికార్డయింది. వైద్యం జరిగింది, ఉద్యోగం నిలిచింది. నేను మొదట రాసిన కాగితమే ఆఫీసుకు చేరి ఉంటే ఆ రెండూ పోయేవి.

ఇక స్టాండు సంగతి

తేలికైంది కొనవద్దని నేను చెప్పడం లేదు. ఇనుప స్టాండు భుజాన ఉన్న మనిషి ఎలుగు ముందు మెడ తిప్పలేకపోవడం నేను కళ్లారా చూశాను. బరువు తగ్గాలి. ఎక్కడ తగ్గుతోందో చూసుకోవాలి.

కాలు సాగే ముక్కలు మూడు ఉంటే మంచిది, నాలుగు దాటకూడదు. ముక్క పెరిగేకొద్దీ కింది కాలు సన్నబడుతుంది, వణుకు అక్కడ మొదలవుతుంది. నడిమి కడ్డీని లేదనుకోండి. అది ఎత్తితే మూడు కాళ్ల స్టాండు ఒంటికాలిదైపోతుంది. నిలబడి చూసేంత ఎత్తు కోసం ఆశపడొద్దు. కూర్చుని చూసేంత ఎత్తు చాలు. గాలిలో కూర్చున్నవాడికే బాగా కనబడుతుంది. కూర్చుని చూసే అలవాటుంటే పొట్టి స్టాండు చాలు, బరువు దానంతటదే తగ్గుతుంది.

స్కోపును బిగించే పైభాగాన్ని హెడ్డు అంటారు. బంతిలా అన్నివైపులా తిరిగేది వద్దు, వదలగానే స్కోపు ముక్కు కిందికి వాలుతుంది. ఒక పిడితో మెల్లగా పైకీ కిందికీ, పక్కకీ తిరిగేది తీసుకోండి. అంగడివాడు చెప్పే బరువులో హెడ్డు కలిసి ఉందో లేదో అడగండి. కార్బన్ ఫైబర్ కాళ్లు అల్యూమినియం కంటే తేలిక, ఏప్రిల్ ఎండలో పట్టుకుంటే అంతగా కాలవు కూడా. అవి దొరక్కపోతే అల్యూమినియం కాళ్లకు పైన గుడ్డ చుట్టుకోండి. కింద సంచి తగిలించడానికి కొక్కెం ఉండాలి. సంచి గాలికి ఊగకుండా సగం నేలకు ఆనించండి.

అంగడి బండల మీద పరీక్ష పెట్టకండి. మీ స్కోపు తీసుకెళ్లి, బయట మట్టిలో, గాలిలో నిలబెట్టి, దూరంగా ఉన్న అక్షరాలు చూస్తూ కాలును వేలితో తట్టండి. ఒకటి, రెండు లెక్కపెట్టేలోపు బొమ్మ నిలవాలి. నిలవకపోతే అక్కడే వదిలేసి రండి. నడిచేటప్పుడు స్టాండు వీపు సంచికి కట్టుకోండి, రెండు చేతులూ, మెడా ఖాళీగా ఉండాలి.

ఇవన్నీ చేసినా ఒకరోజు గాలి మీ స్టాండును గెలుస్తుంది. ఆ రోజు "కనబడటం లేదు" అనండి. కింద ఉన్న మనిషి చిరాకు పడతాడు, పై ఆఫీసరు విసుక్కుంటాడు, పని ఒకపూట ఆలస్యమవుతుంది. అవ్వనివ్వండి. ఆ మాట అనడానికి నేను సిగ్గుపడ్డాను. చేతిలో అంత ఖరీదైన అద్దం పెట్టుకుని కనబడలేదంటే ఏమనుకుంటారో అని.

ఆఖరి ఎక్కుడు

రిటైరయ్యే నెలలో ఆ గట్టు ఒక్కసారి ఎక్కాలని అడిగి వెళ్లాను. ఓబులేసన్న బేస్ క్యాంపులో పని చేస్తున్నాడు. "నేనూ వస్తా" అన్నాడు. వద్దన్నాను. వినలేదు.

మూడు ముక్కల కాళ్ల స్టాండు పొట్టిగా నిలబెట్టి, బండకు ఆనుకుని కూర్చున్నాను. కూర్చున్నానే గానీ స్కోపు మూత తీయలేకపోయాను. స్టాండు ఎంత గట్టిదైతే ఏం లాభం?

"జరుగమ్మా, నేను సూస్తా" అని ఆయన పక్కన కూర్చున్నాడు. మూత తీసి, కుడికన్ను ఆనించాడు. "దీనికి ఒక కన్నే గదా కావాల్సింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వడానికి అనలేదు. పావుగంట పాటు దారిని మలుపు మలుపూ చూశాడు. తొట్టి దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. చూశాను. బొమ్మ కదలకుండా నిలిచి ఉంది. బండలు, ఎండుగడ్డి, తొట్టి అంచు. నల్లటిది ఏదీ లేదు. అయినా కన్ను తీయలేకపోయాను. రెండోసారి చూశాను. మూడోసారి చూశాను.

"ఇంగ చాలమ్మా, ఎండ ఎక్కుతాంది. దిగి నీళ్లు సూసొస్తా, నువ్వీడనే ఉండు" అని ఆయన లేచాడు.

"కూర్చో అన్నా" అన్నాను. "నువ్వు పైనుండి సూడు."

సెట్టు ఆయన చేతిలో పెట్టాను. ఇంకోటి నా నడుముకు తగిలించుకున్నాను. ఆ దారిలో నేను ఒంటరిగా దిగాను.